చిత్తు పుస్తకంలో ఐదో సంతకం

ఇంట్లో, మేడ మీది గది
జనవరి 11

పిన్నీ,

నువ్వు ఊరు మారాక నీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడింట్లో కుశల ప్రశ్నలు తప్ప ఏమీ లేవు. ఇది అలాంటిది కాదు, కాబట్టి కూర్చుని చదువు.

నేను సేవా క్లబ్బులో చేరాను. అవును, ఆ క్లబ్బులోనే. బోర్డులో ఒక సీటు కాలేజీ విద్యార్థులకివ్వాలని కొత్త రూలు పెట్టారు. మా కాలేజీ నుంచి ఎవరూ ముందుకు రాకపోతే నేను వెళ్లాను. చేతిరాత బాగుందని నన్ను ఏకంగా కార్యదర్శిని చేసేశారు. నీ తర్వాత ఆ కుర్చీలో ఇద్దరు కూర్చుని, ఇద్దరూ లేచిపోయారట.

నిన్న మొదటి బోర్డు మీటింగు. ఐదింటికన్నారు. నేను పావు తక్కువ ఐదుకే వెళ్లాను. గది నువ్వున్నప్పటిలాగే ఉంది. పొడుగు బల్ల, తొమ్మిది కుర్చీలు, గోడ వెంట మడిచిపెట్టిన చక్రాల కుర్చీలు, వాకర్లు, మూలన స్టీలు బీరువా. టైలరు తాతగారు ఐదుంపావుకి వచ్చారు. టీచరమ్మ ఐదున్నరకి. అధ్యక్షులవారు ఆరుకి పది నిమిషాలుందనగా. ఆయన్ని ఇప్పుడు వెనకాల అందరూ ‘ఫ్లాషు గారు’ అంటున్నారు, తెలుసా? ఫొటో తియ్యకుండా ఊతకర్రను కూడా గడప దాటనివ్వరు కాబట్టి.

ఎనిమిది విషయాలు తేలాల్సి ఉంటే ఒక్కదాని మీదే మాట్లాడారు. కొత్త బ్యానరు మీద ఆయన బొమ్మ కుడివైపా, ఎడమవైపా? నలభై నిమిషాలు. మందుల షాపు ఆయన విసుగొచ్చి, ‘‘మధ్యలో వేసేస్తే గొడవుండదు కదండీ’’ అన్నారు. ఫ్లాషు గారు గడ్డం నిమురుకుని, ‘‘అదీ ఆలోచించదగ్గదే’’ అన్నారు. చక్రాల కుర్చీ కోసం వచ్చిన దరఖాస్తులు ఆరు నా ఫైల్లోనే ఉండిపోయాయి. పోయిన నెల మినిట్స్ టీ కప్పుల చప్పుడులో చదివారు. ఎవరూ వినలేదు. ఆమోదమేనా అంటే అందరూ చేతులెత్తారు. టైలరు తాతగారైతే బిస్కెట్టుతో సహా ఎత్తారు.

అయ్యాక మినిట్స్ పుస్తకం నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి రెండేళ్ల కిందటి పేజీ వెతికాను. ‘ఎయిర్ బెడ్ కోసం వచ్చిన దరఖాస్తును మూడు నెలలపాటు బోర్డు ముందు పెట్టక నిర్లక్ష్యం వహించినందున కార్యదర్శిని తొలగించడమైనది. ఏకగ్రీవం.’ పదకొండేళ్ల నీ పనికి ఒకటిన్నర వాక్యం!

నిర్లక్ష్యమా? నువ్వా? మందు సీసా మీద తేదీ రెండుసార్లు చూడకుండా మూత తియ్యని మనిషివి.

పిన్నీ, ఆ తీర్మానం కొట్టేయించాలి. ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి కొట్టేయించాలి. నేను సేవ చెయ్యడానికి వచ్చాననుకుని అక్కడందరూ ముచ్చటపడుతున్నారు. పడనీ. ఎలా మొదలుపెట్టాలో నువ్వు చెప్పు, నేను చేస్తాను.

నీకు రాస్తున్నట్టు అమ్మకి చెప్పలేదు. అప్పట్లో తనూ బోర్డులో ఉండేది కదా, నిన్ను తీసేసిన నెలలోనే మానేసింది. ఇప్పటికీ నీ పేరెత్తితే గిన్నెలు గట్టిగా పెడుతుంది. నీకు జరిగినదానికి బాధ అనుకుంటాను.

ఫోన్ చెయ్యనా?

నీ
పెన్సిలు


ఆసుపత్రి, రికార్డు గది
జనవరి 19

పెన్సిలూ,

ఫోన్ చెయ్యకు. ఫోనులో మాట్లాడితే కోపం ఆవిరైపోతుంది. కాగితం మీద పెడితే అలాగే ఉంటుంది. నాకది అలాగే ఉండాలి.

ఆ రోజు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం రాస్తాను. పక్షవాతం వచ్చిన ఒక రిటైర్డు బస్సు కండక్టరు. మంచం మీద కదల్లేక వీపంతా పుళ్లు పడుతుంటే, ఎయిర్ బెడ్ కావాలని కూతురు దరఖాస్తు పెట్టింది. మన స్టోరు గదిలో రెండున్నాయి, కవరు కూడా విప్పనివి. మొదటి నెల మీటింగులో పెట్టాను. ఫ్లాషు గారు (ఈ పేరు పెట్టినవాళ్లకి నా నమస్కారం) ‘‘ముఖ్య అతిథి ఇంకా డేటివ్వలేదు, ఆయన చేతుల మీదుగా ఇద్దాం, వాయిదా’’ అన్నాడు. రెండో నెల వాయిదా. మూడో నెల వాయిదా. వాయిదా చాలా మెత్తటి మాట. ఆ మాట మీద ఒక మనిషి మూడు నెలలు పడుకున్నాడు.

నాలుగో నెల నేను మీటింగుకి వెళ్లలేదు. స్టోరు తాళం తీసి, ఎయిర్ బెడ్ అద్దె వ్యానులో వేసుకుని ఆ ఇంటికి వెళ్లాను. అప్పటికే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. వారానికి పోయాడు. నేను ఆసుపత్రిలో ఆ కూతురి పక్కన నిలబడ్డ గంటలోనే, అక్కడ క్లబ్బులో టీ తాగి కొందరు వెళ్లిపోయాక, ‘అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు’ కింద నన్ను తీసేశారు. దరఖాస్తు నేను బోర్డు ముందు పెట్టనే లేదని రాసుకున్నారు. తొమ్మిది మందిలో ఐదుగురుంటే కోరం. సరిగ్గా ఐదుగురు మిగిలారు. ఐదు చేతులు లేచాయి. ఎవరెవరివో ఇప్పుడెందుకులే.

నువ్వడిగిందానికి వస్తాను. ముందే ఆయన్ని ముట్టుకోకు. మీటింగుని బాగుచెయ్యి. నవ్వకు. ఆయన బతికేది గందరగోళంలో. ఆలస్యం, టీ, ఊకదంపుడు, చివర్లో హడావుడిగా చేతులెత్తించడం, ఇవే ఆయన చేతిలో ఉన్న ఆయుధాలు. ఒక్కొక్కటే లాక్కో.

ఎజెండా ఏడు రోజుల ముందు అందరికీ చేర్చు. కింద అధ్యక్షుడి సంతకం తీసుకుని మరీ పంపు. ‘చక్రాల కుర్చీల గురించి’ అని రాస్తే కబుర్లు చెప్పుకుంటారు. ‘ఈ ఆరుగురిలో ఎవరికి ఈ వారం కుర్చీ పంపాలి?’ అని రాస్తే జవాబు చెప్పి తీరాలి. ప్రతిదాని పక్కనా ఎన్ని నిమిషాలో వెయ్యి. పెద్ద ప్రశ్న ముందు, బ్యానర్లు చివర. ఐదింటికి ఐదుగురుంటే మొదలుపెట్టెయ్యి, ఎవరి కోసమూ ఆగకు. అధ్యక్షుడు రాకపోతే ఉన్నవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టొచ్చని రూలుంది. టీ మీటింగయ్యాకే. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి లేచారో రాయి. మనుషులు దేవుడికి భయపడకపోయినా, తమ గురించి ఎవరో రాస్తున్నారంటే భయపడతారు.

బీరువా పైన ఇత్తడి గంట ఉంటుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అయిపోగానే కొట్టు. మొహమాటపడకు, ఎదురుగా ఉన్నది సొంతవాళ్లైనా సరే.

పిన్ని


ఇంట్లో, మేడ మీది గది
ఫిబ్రవరి 12

పిన్నీ, పిన్నీ, పిన్నీ!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఐదింటి నుంచే మొదలుపెడతాను.

ఎజెండా సంతకానికి తీసుకెళ్తే ఫ్లాషు గారు చదవలేదు. పెన్ను అందుకుని, ‘‘నీలాంటి చురుకైన పిల్లలే కావాలమ్మా’’ అని సర్రున గీకేశారు. మిగతా ఏడుగురు సభ్యుల ఇళ్లకి నేనే వెళ్లి కాగితాలిచ్చి, ‘‘ఐదంటే ఐదేనండీ’’ అని చెప్పొచ్చాను. నమ్మలేదు గానీ చిన్నపిల్ల ఇంటికొచ్చి అడిగిందని ఐదుగురు వచ్చారు. టీచరమ్మను కుర్చీలో కూర్చోమన్నాను. ఆవిడ నలభై ఏళ్లు క్లాసులు నడిపిన మనిషి కదా, కూర్చోగానే అందరూ నిటారుగా అయిపోయారు.

ఆరు దరఖాస్తులూ పద్దెనిమిది నిమిషాల్లో తేలిపోయాయి. నలుగురికి కుర్చీలు, ఇద్దరికి వాకర్లు. ఎవరు, ఏ రోజు తీసుకెళ్లాలో కూడా రాసేశాం. ఇంకో రెండు అంశాలు కూడా అయ్యాక వచ్చారు ఫ్లాషు గారు. ఐదూ నలభై.

‘‘ఏంటిది? మొదలుపెట్టేశారా?’’

‘‘నాలుగో అంశంలో ఉన్నామండీ’’ అన్నాను.

‘‘నేను లేకుండానే?’’

టీచరమ్మ కళ్లజోడు పైనుంచి చూసి, ‘‘మీరు లేకుండానే అయిపోయిందండీ, చిత్రంగా’’ అన్నారు.

ఆయన కూర్చుని, గొంతు సవరించుకుని, సేవ అంటే ఏమిటో మొదలుపెట్టారు. నేను గడియారం చూస్తున్నాను. ఆయన చిన్నతనంలో వాళ్ల నాన్నగారు ఏమన్నారో చెప్పబోతుండగా మూడు నిమిషాలైంది. కొట్టాను. పిన్నీ, ఆ శబ్దం! ఆయన నోరు తెరుచుకునే ఉంది. గంటనీ నన్నూ మార్చి మార్చి చూసి, ‘‘ఎవరు నేర్పారమ్మా నీకిదంతా?’’ అన్నారు. ‘‘పుస్తకాల్లో చదివానండీ’’ అన్నాను. అబద్ధమాడుతుంటే నాలుక మీద పంచదార వేసుకున్నట్టుంది.

టైలరు తాతగారు వాళ్లావిడ మోకాళ్ల గురించి చెబుతుంటే కూడా కొట్టాల్సొచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది. సగంలో ఆపేసి చొక్కా అంచులు నిమురుకుంటూ కూర్చున్నారు. కొంచెం ఏదోలా అనిపించింది గానీ, రూలు రూలే కదా?

ఆరూ ఐదుకల్లా అయిపోయింది. మినిట్స్‌లో ‘అధ్యక్షుల రాక: 5.40’ అని నా చక్కటి చేతిరాతతో రాశాను. వచ్చే నెల గట్టిగా చదువుతాను కూడా.

మందుల షాపు ఆయన మెట్లు దిగుతూ, ‘‘నాలుగేళ్లలో ఇవాళే ఇంటికెళ్లి చెప్పుకోడానికి ఏదో చేశామనిపించింది’’ అన్నారు.

తర్వాత ఏం చెయ్యమంటావు? ఇక ఆయన పీక పట్టుకోవచ్చా?

నీ
పెన్సిలు


ఆసుపత్రి, రికార్డు గది
మార్చి 2

పెన్సిలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గంట కొట్టిన చోట నాలుగోసారి. ఇక్కడ నా పక్క బల్ల ఆయన, ‘‘ఏంటమ్మా, లాటరీ తగిలిందా?’’ అని అడిగాడు.

ఇప్పుడు పట్టుకోవచ్చు.

మినిట్స్ పుస్తకంలో చేసిన తీర్మానాలు మాత్రమే ఉంటాయి. వాయిదా పడ్డవి ఉండవు. కానీ మన క్లబ్బులో ఇంకో పుస్తకం ఉంది. నేను పెట్టిన పద్ధతే. మీటింగు జరుగుతుండగా చిత్తు పుస్తకంలో రాసేదాన్ని. ఏ విషయం వచ్చింది, ఎవరేమన్నారు, ఎందుకు వాయిదా పడింది. చేతులెత్తినవాళ్లు అక్కడికక్కడే మార్జిన్‌లో పొట్టి సంతకం పెట్టాలి. రేపు ‘నేనెత్తలేదు’ అనడానికి వీల్లేకుండా. నన్ను తీసేసిన రోజు కూడా అలవాటు కొద్దీ పుస్తకం చుట్టూ తిరిగింది, అలవాటు కొద్దీ సంతకాలు పెట్టారు. నన్ను తీసెయ్యడానికి కూడా నా పద్ధతే వాడుకున్నారు మరి.

బీరువా కింది సొరుగు, పాత బిల్లుల వెనకాల. తాళం టీచరమ్మ దగ్గరుంటుంది.

వచ్చే నెల వార్షిక సమావేశం. సభ్యులు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎనభై మంది దాకా వస్తారు. అధ్యక్షుడి ఎన్నిక కూడా అప్పుడే. ఎన్నికకి ముందు అంశంగా పెట్టు: ‘రెండేళ్ల కిందటి తొలగింపు తీర్మానం పునఃపరిశీలన.’ తన మీద చర్చ జరిగేటప్పుడు అధ్యక్షుడు కుర్చీ దిగాలని రూలుంది. దించు. చిత్తు పుస్తకంలోని మూడు వాయిదాలూ తేదీలతో చదువు. తర్వాత తీర్మానం చదువు. తర్వాత దాని కింద చేతులెత్తినవాళ్ల పేర్లు చదువు. ఐదూ. ఒక్క పేరూ వదలకు. నా పేరు రెండేళ్లు ఆ పుస్తకంలో ఒంటరిగా ఉంది, దానికి తోడు కావాలి.

మాటివ్వు. మాటిచ్చేదాకా సొరుగు తెరవకు.

మీ అమ్మని కూడా తీసుకురా. ముందు వరసలో కూర్చోబెట్టు.

పిన్ని


పోస్టు కార్డు
మార్చి 8

పిన్నీ, మాటిస్తున్నాను. ఐదు పేర్లూ చదువుతాను. అమ్మ ముందు వరసలోనే కూర్చుంటుంది. నువ్వూ రా, నీ చెవులతో విను.

పెన్సిలు


ఇంట్లో, మేడ మీది గది
మార్చి 15

పిన్నీ,

సొరుగు తెరిచాను.

మూడు వాయిదాలూ దొరికాయి. రెండోదాని పక్కన నువ్వు చిన్నగా రాసుకున్నావు, ‘రోగి కూతురు బయట వరండాలో కూర్చుని ఉంది’ అని. అది చదివి ఫ్లాషు గారి మీద నాకు ఒళ్లు మండింది. పేజీలు తిప్పుతూ పళ్లు కొరుక్కుంటున్నాను. అప్పుడొచ్చింది ఆ పేజీ.

ఫ్లాషు గారిది. ఆయన మనుషులిద్దరివి, వాళ్లిప్పుడు బోర్డులో లేరు. మందుల షాపు ఆయనది. ఐదోది నా మార్కుల కార్డుల మీద పన్నెండేళ్లు చూసిన సంతకం.

నీకు తెలుసు. ‘ఎవరెవరివో ఇప్పుడెందుకులే’ అని రాశావు. ‘ముందు వరసలో కూర్చోబెట్టు’ అని కూడా రాశావు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను.

అమ్మ ఇస్త్రీ చేస్తోంది. పుస్తకం తెరిచి ఎదురుగా పెట్టాను. చూసింది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

‘‘ఎవరిచ్చారే ఇది?’’

‘‘బీరువాలో ఉంది. ఇది నీదేనా?’’

‘‘కనబడుతోందిగా.’’

‘‘కండక్టరు గారి సంగతి నీకు తెలియదా?’’

‘‘ఎందుకు తెలీదు? మూడు వాయిదాలూ నా ముందే పడ్డాయి. నీ పిన్ని తప్పేం లేదనీ తెలుసు. నేను టీ తాగి లేచొచ్చేస్తే కోరం ఉండదనీ తెలుసు. కూర్చున్నాను. ఎత్తాను. ఇంకేం కావాలి?’’

‘‘ఎందుకమ్మా?’’

చొక్కా కాలరు సర్దింది. తర్వాత చెప్పింది. అమ్మమ్మ పోయిన మూడో నెలట. ‘‘వార్డులో మధ్యాహ్నాలు అమ్మ ఒక్కతే గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఇంటి పనిలో, నీ పిన్ని డ్యూటీలో. అలాంటివాళ్ల పక్కన గంటసేపు కూర్చోడానికి మన క్లబ్బు నుంచి మనుషుల్ని పంపుదాం అని బోర్డులో చెప్పడం మొదలుపెట్టాను. అంతమందిలో మాట్లాడటం నాకదే మొదలు. అమ్మ ఆఖరి రోజు గురించి చెబుతుంటే నీ పిన్ని టంగుమని గంట కొట్టింది. ‘సభ్యురాలి సమయం అయిపోయింది, కూర్చోవాలి’ అంది. సభ్యురాలట! ఒకే దుప్పట్లో పడుకుని పెరిగినవాళ్లం. కూర్చున్నాను. ఆ మాట మళ్లీ ఏ మీటింగులోనూ ఎత్తలేదు, తనూ అడగలేదు. తర్వాత మీ ఫ్లాషు గారు దగ్గరికొచ్చి, ‘మీరు చెప్పాల్సింది చాలా ఉండిపోయిందమ్మా’ అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.’’

ఆ చొక్కా నాన్నది. ఇస్త్రీ చేసిందే మళ్లీ మళ్లీ చేసింది.

పిన్నీ, నేను టైలరు తాతగారికి గంట కొట్టాను. నువ్వు నేర్పావు కాబట్టి కొట్టాను. ఇప్పుడు చెప్పు, నన్ను ఎవరి మీదికి పంపుతున్నావు?

పెన్సిలు


ఆసుపత్రి, రికార్డు గది
మార్చి 22

పెన్సిలూ,

నీ అనుమానం నిజమే. అబద్ధం రాయను.

తీసేసిన మర్నాడు పుస్తకాలు అప్పగించడానికి వెళ్లాను. అప్పుడే చూశాను ఆ సంతకం. చించెయ్యొచ్చు, ఇంటికి తెచ్చుకోవచ్చు. సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు దాన్ని పదిమందిలో గట్టిగా చదవాలి, ఆమె అక్కడ కూర్చుని వినాలి. నేను చదివితే ఏడుపంటారు. చదివేవాళ్లు దొరకాలి. జనవరిలో నీ ఉత్తరం వచ్చింది.

ఫ్లాషు మీద నాది నెల రోజుల్లో ఆరిపోయే కోపం. అలాంటివాడు అలాంటి పనే చేస్తాడు. మీ అమ్మ నా అక్క. కండక్టరు కూతురితో నేను వార్డు బయట నిలబడ్డప్పుడు, అక్కడ మీటింగులో కనీసం అక్క ఉందిలే అనుకున్నాను. అదే మాట అనుకున్నాను.

గంట కొట్టాను, నిజమే. అక్క చెబుతూ చెబుతూ అమ్మ ఆఖరి రోజు దాకా వచ్చేసింది. ఇంకొక్క నిమిషం వింటే ఆ బల్ల దగ్గరే, ఆ మగాళ్ల ముందు, భోరున ఏడ్చేసేదాన్ని. చేతికి గంట దొరికింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పడం జాలి కోసం కాదు. అడిగావు కాబట్టి.

నువ్వు మాటిచ్చావు. ఐదు పేర్లు. నేను వస్తున్నాను.

పిన్ని


క్లబ్బు గది, పొడుగు బల్ల
ఏప్రిల్ 20

పిన్నీ,

నువ్వు చివరి వరసలో తలుపు పక్కన కూర్చోవడం చూశాను. మధ్యలో లేచి వెళ్లిపోవడమూ చూశాను. కాబట్టి నువ్వు చూసింది కొంచెమే రాసి, చూడనిది మొత్తం రాస్తాను.

మొదటి భాగం నీకు ముద్దలా నమిలి మింగేంత రుచిగా ఉండి ఉంటుంది. ‘‘ఏమ్మా, ఈ అంశం ఎవరు పెట్టారు?’’ అని ఫ్లాషు గారు మైకులోనే అడిగారు. ‘‘మీరే అనుమతించారండీ, ఇదిగో సంతకం’’ అని ఎజెండా చూపించాను. ఎప్పటిలాగే చదవకుండా పెట్టారు. ‘‘అయితే దీన్ని వాయిదా...’’ అన్నారు. ఆ మాట పూర్తికాకుండానే టీచరమ్మ, ‘‘మీ గురించిన చర్చ. ముందు కుర్చీ దిగండి’’ అన్నారు. దిగారు. ముందు వరసలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఎవరూ లేవలేదు. నడుచుకుంటూ వెళ్లి వెళ్లి, నీకు రెండు కుర్చీల అవతల కూర్చున్నారు. అంత దగ్గర నుంచి చూశావు, నీకే బాగా తెలియాలి ఆ ముఖం.

మూడు వాయిదాలూ చదివాను. ‘రోగి కూతురు బయట వరండాలో కూర్చుని ఉంది’ అన్నది కూడా చదివాను. తీర్మానం చదివాను. పేర్లు మొదలుపెట్టాను. నాలుగు చదివాను. మందుల షాపు ఆయన తల వంచుకుని, ‘‘నిజమే’’ అన్నారు.

ఐదోది నా నోట్లో ఉండగానే అమ్మ లేచింది.

‘‘నువ్వు చదవక్కర్లేదు. నాది’’ అంది. హాలువైపు తిరిగింది. నీవైపు. ‘‘మా చెల్లెలు ఏ తప్పూ చెయ్యలేదు. తెలిసే చెయ్యెత్తాను. ఒకసారి నన్ను మాట్లాడనివ్వలేదని. అంతే. అంత చిన్నదానికి.’’

అక్కడే నువ్వు లేచావు. తలుపు చప్పుడు వినబడింది.

ఇక నువ్వు చూడనిది. అమ్మ కూర్చోలేదు. నువ్వు ఆపేసిన చోటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. వార్డు, మధ్యాహ్నాలు, గోడవైపు తిరిగిన అమ్మమ్మ, ఆఖరి రోజు. పద్నాలుగు నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, చెయ్యి కదపలేదు. అది అయ్యాక టీచరమ్మ ఓటుకి పెట్టారు. నీ తీర్మానం కొట్టేశారు. డెబ్బై రెండు చేతులు. అమ్మ ఎత్తలేదు. ‘‘నా చేతిని నేను నమ్మను’’ అంది, మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా.

ఎన్నికలో ఫ్లాషు గారికి ఆరు ఓట్లొచ్చాయి. టీచరమ్మ అధ్యక్షురాలు. ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఫొటోగ్రాఫర్‌ని చూసి అలవాటుగా ఒక్క క్షణం ఆగారు. ఆ అబ్బాయి కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

దారిలో మా పక్కింటావిడ అమ్మని చూసి రోడ్డు దాటి అటువైపు వెళ్లింది. అమ్మ ఆ సంగతి చూడనట్టు నడిచింది. ఇంటికొచ్చి నీళ్లు తాగి, ‘‘నా చెల్లెలు చిక్కిపోయింది కదే’’ అంది. అదొక్కటే అంది. ఎన్ని పేర్లు చదివినా, ఎన్ని చేతులు లేచినా, తను చూసింది అదే.

నువ్వడిగినవన్నీ అయ్యాయి. నీ పేరు మీద మచ్చ పోయింది. ఆయన కుర్చీ దిగారు. అమ్మ ఎనభై మందిలో తల దించుకుంది. మూడూ నా చేతుల మీదుగానే జరిగాయి. నీ తీర్మానం రద్దైనట్టు నకలు ఇందులో పెడుతున్నాను, దాచుకో.

ఇప్పుడు నా వంతు. ఎలా దెబ్బకొట్టాలో నువ్వే నేర్పావు కదా. ముందుగా చెప్పి, రాతపూర్వకంగా, తేదీ వేసి.

గంట ఎందుకు కొట్టావో నువ్వు నాకు రాసిన కాగితం అమ్మకి చూపించలేదు. చూపించను. నీ తరఫున ఇక ఏదీ చదివిపెట్టను. ఇవాళ్టి నుంచి నీ నుంచి ఏ ఉత్తరం వచ్చినా నేను విప్పను. కవరు కవరుగానే తీసుకెళ్లి అమ్మ చేతిలో పెడతాను. పైన ఎవరి పేరు రాసినా సరే, విప్పేదీ చదివేదీ తనే.

ఏం రాయాలో చూసుకుని రాయి.

నీ అక్క కూతురు